ఇంటి చేప

ఫిబ్రవరి 15

బుల్లోడా,

నీ పెద్దకార్యం అయిపోయింది. చుట్టాలందరూ తిని, చేతులు కడుక్కుని, ఎవరి బస్సు వాళ్ళెక్కేరు. గంగబాబు మంచోడండి అని వెళ్ళేటప్పుడు ఒక్కొక్కళ్ళూ నా చెయ్యి పట్టుకుని చెప్పేరు. నువ్వు మంచోడివని వీళ్ళు చెప్తే నాకు తెలియాలా.

ఇది నీ పదో తరగతి నోటుపుస్తకం. ముందు సగం నీ లెక్కలు, వెనక సగం ఖాళీ. నేను అయిదు దాకా చదివేను. పెళ్ళయ్యేక మా అమ్మకి ఉత్తరాలు రాయడం తప్ప ఇంకేం రాయలేదు. అక్షరాలు వంకరపోతన్నాయి. ఏడుపు వల్ల అనుకుంటాను. రాసేక దీన్ని బియ్యం డబ్బాలో అడుక్కి తోసేస్తాను. ఇప్పుడు ఆ డబ్బా ముట్టుకునేది నేనొక్కదాన్నే. నీ పెళ్ళాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వట్లేదు.

నాలుగేళ్ళకే గోదారిలో దూకినవాడివి. ఇక్కణ్ణించి గోదారి మధ్య లంకకి ఈదుకుంటా పోయి బొండం కొట్టుకుని వచ్చేవాడివి. అలాంటోడివి నావ పక్కనే మునిగిపోయేవంటే ఎవరు నమ్ముతారు. మీ నాన్న నావ మీదే ఉన్నారు. వల తీస్తా తూలి పడ్డాడు, చేతులు ఆడించలేదు, రాయి పడ్డట్టు పడ్డాడు అంటారు. అన్నం ముందు అదే మాట, మంచం మీద అదే మాట. నేను దూకేసరికి లేడే అంటారు. విని విని నాకు ఆయన మీద కూడా కోపం వస్తంది.

ఊళ్ళో ఇంకో మాట తిరుగుతోంది. పురుగుల మందు తాగి నావెక్కేడంటన్నారు. పరీక్షకని నీ లోపలివి ఏవో సీసాల్లో పెట్టి పంపేరు. ఆ కాగితం రావాలి.

తాగితే ఎందుకు తాగేవు? ఎవరి వల్ల తాగేవు? లేకపోతే ఎవరు పోసేరు? నేనైతే ఎవరిదీ పేరెత్తట్లేదు. ఇంట్లో ఉన్నది నలుగురం.

ఫిబ్రవరి 16

అన్నం దించేను. నాలుగు కంచాలు పెట్టేను. ఒకటి తీసేసేను.

ఫిబ్రవరి 24

కాగితం వచ్చింది. ఎస్సైగారు ఇంటికొచ్చేరు. కుర్రోడే, నీ ఈడు. నీ లోపల పురుగుల మందు ఉందట. ఎంతుందో కాగితంలో సరిగ్గా లేదు కానీ ఉండడం ఉందట.

ఇంట్లో మందు ఉందా అమ్మా అనడిగేరు. ఉందండి, చేపలు ఎండేసే ఇంట్లో మందు లేకుండా ఎలాగుంటదండి అన్నాను. తీసుకెళ్ళి డ్రమ్ము చూపించేను. ఆయనకి ఇదంతా కొత్త, ఏ మెట్ట ఊరి పిల్లాడో. డ్రమ్ములో ఉప్పునీళ్ళు, ఉప్పునీళ్ళలో మూతెడు మందు, చేప ముంచి తీసి గట్టు మీద ఎండేస్తే ఈగ వాలదండి, పురుగు పట్టదండి అని చెప్పేను. జనం ఇది తింటారా అన్నారు. ఇది అమ్మకం చేపండి, అమలాపురం వెళ్ళిపోద్ది, మేం తినేది వేరండి అన్నాను. వంటింట్లో ఎర్రగుడ్డ కట్టిన కుండ కూడా చూపించేను. మా అత్తగారి కుండ అది. ఇంటి చేప అందులో ఉత్త ఉప్పులోనే ఉంటది. ఇంటి చేపకి నేను మందు వెయ్యను, పేటంతా తెలుసు.

తర్వాత అడిగేరు, మొగుడూ పెళ్ళాలు బాగా ఉండేవారా అని.

ఉన్నదే చెప్పేను. ఆ రోజు పొద్దున్నే, నువ్వు నావకి బయల్దేరేటప్పుడు తగువు. గట్టిగానే. తులసి నీ క్యారేజీ లాక్కుని పెరట్లోకి విసిరేసింది. గోడకి కొట్టుకుని మూత సొట్టపోయింది. ఆ సొట్ట కూడా చూపించేను. దేని గురించి తగువు అన్నారు. వాళ్ళ తగువులు నాకేం తెలుసండి అన్నాను.

తులసి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన అటు తిరిగి నిజమేనామ్మా అనడిగితే, "ఆయ్, విసిరేనండి" అంది. ఇంకేం చెప్పలేదు. నా వైపు చూసింది. నేను కుండకి గుడ్డ సరిచేసేను.

నాలుగో నెల కడుపు కాబట్టి స్టేషనుకి తీసుకెళ్ళలేదు. పిలిస్తే రావాలి, ఈ మండలం దాటి పోకూడదు అన్నారు.

మార్చి 4

పుట్టింటికి పొమ్మన్నాను. ఎస్సైగారితో నేను చెప్పుకుంటాలే, నువ్వు కనిపిస్తంటే నాకు ముద్ద దిగట్లేదు అన్నాను. ముఖం మీదే అన్నాను.

పోదట. ఆ పిల్ల గొంతు నీకు తెలుసు కదా, మెత్తగా ఉంటది, లోపల మేకు ఉంటది. "ఆయన విషం తాగి పోలేదని తేలేదాకా నేను కదలనండి అత్తయ్యగారూ. నేను పోతే నేనే పోసేనంటారు. రేపు నా బిడ్డని కూడా అంటారు."

అంటారు. నేనే అంటాను.

మీ నాన్న వలలోంచి తలెత్తకుండా ఉండనియ్యవే అన్నారు. ఆయనకి అందరూ ఉండాలి. ఉండాల్సినోడు లేడు.

మార్చి 9

రాహేలు వచ్చింది. గట్టు మీద మన పక్కన ఎండేస్తాది కదా, పదిహేనేళ్ళ నుంచీ. మందు మానేసిందట. దోమతెరలు నాలుగు కలిపి కుట్టి చేపల మీద కప్పుతోంది. గాలికి లేస్తే రాళ్ళు పెడతంది. చూస్తే నవ్వొచ్చింది. చేపలకి పెళ్ళి చేస్తన్నావా ఏంటి, తెర కట్టేవు అన్నాను. నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మానెయ్యొదినా, నాకు ఆ నీళ్ళలో చెయ్యి పెడితే సాయంత్రానికి కళ్ళు మసకలొచ్చేవి. మానేసేక తగ్గింది" అంది.

నీకు కళ్ళు మసకలంటే వయసొచ్చింది, అద్దాలు పెట్టించుకో అన్నాను.

నా కొడుకు పోయి నెల తిరిగింది. దీనికి దోమతెరలు కావాలి.

నువ్వు కూడా అనేవాడివి. పండగలకి ముందు ఒకసారి, అమ్మా దూరంగా నావ ఒకటా రెండా తెలీట్లేదే అన్నావు. రాత్రుళ్ళు సెల్లు చూడ్డం మానరా అన్నాను.

మార్చి 13

నెత్తళ్ళ వేపుడు చేసేను. ఇంటి కుండలోవి.

తులసి కంచంలో వేస్తే పక్కకి తోసింది. కుండ మూత తీస్తే కళ్ళు మండుతున్నాయండి అంది. కడుపుతో ఉన్నదానికి అన్నం కూడా వాసనేస్తది, నీ పుట్టింట్లో ఏనాడన్నా సరైన చేప చూసేవా అన్నాను. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని నేను తిన్నాను. రెండుసార్లు వేసుకున్నాను. చూడు, నేను తింటన్నాను, నాకేమైంది అన్నాను.

దేనికి అలా అన్నానో తెలీదు. ఎవరూ నన్నేం అడగలేదు.

తినకపోతే నీ మొగుడు మెచ్చిన కూరకి పేరు పెట్టినట్టే అని కూడా అన్నాను. అప్పుడు తింది. తలొంచుకుని మొత్తం తింది.

మీ నాన్నకి ఆనపకాయ కూర. ఆయన బీపీకి ఉప్పు చేప ఆపించి ఏడాదిన్నర అయింది కదా. పాపం, వాసన చూసి ఊరుకుంటారు.

మార్చి 16

మళ్ళీ అదే చేసేను. తింది. నేనూ తిన్నాను.

మార్చి 19

ఆ పిల్ల ఎడమ కన్నురెప్ప అదురుతోంది. నీది కుడిది.

మార్చి 22

పొద్దున్న పంపు దగ్గర పడిపోయింది. బిందె దొర్లుకుంటా రోడ్డు మీదకి పోతే రాహేలు చూసింది. నేను వెళ్ళేసరికి నోట్లోంచి చొంగ కారుతోంది, వొళ్ళంతా చెమట. కాళ్ళ కండలు చర్మం కింద పాముపిల్లల్లా కదులుతున్నాయి. నీ చేతి మీద నేను చూసేను అలాగ. చలికిరా అన్నాను అప్పుడు.

ఆటోలో అమలాపురం తీసుకెళ్ళేం. బోడసకుర్రు వంతెన దాటేదాకా దాని తల రాహేలు ఒళ్ళో ఉంది. నేను పక్కన కూర్చున్నాను. నా ఒళ్ళో పెట్టమని అది అడగలేదు, నేను ఇమ్మనలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు, భవానీదేవిగారట, టార్చి వేసి కళ్ళు చూసేరు. కంటిపాప గుండుసూది తలంత అయిపోయింది. మందు తాగిందా అనడిగేరు. నేను వెంటనే అన్నాను, తాగే ఉంటదండి, నా కొడుక్కి పోసింది, ఇప్పుడు తనూ తాగిందండి అని.

అనేసేను. వార్డులో అందరూ తిరిగి చూసేరు.

మార్చి 24

బతికింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందట. సూదులు పొడుస్తా ఉన్నారు, నోరు ఎండిపోద్దట వాటికి, నీళ్ళు నీళ్ళు అంటోంది.

డాక్టరమ్మగారు నన్నూ మీ నాన్ననీ గదిలోకి పిలిచేరు. ఇది ఒక్కసారి తాగింది కాదండి, కొంచెం కొంచెంగా చాలా రోజుల్నుంచి లోపలికి పోతోంది అన్నారు. రక్తంలో చూస్తే తెలుస్తదట. దాని పేరు కోలినో ఏదో, చివర్న ఎస్టరేజు అని వస్తది, కాగితం మీద రాసిచ్చేరు. మీ నాన్న అర్థం కాక ఆయ్ ఆయ్ అంటా కూర్చుంటే, పలక ఉదాహరణ చెప్పేరు. నరం కండకి ఒక మాట రాసి పంపుద్దట, ముడుచుకో అని. కండ ముడుచుకున్నాక ఆ మాట తుడిచేసే గుడ్డ ఒకటి ఉంటదట లోపల. ఈ మందు ఆ గుడ్డనే పాడుచేస్తదట. ఇంక మాట చెరగదు. కండ ముడుచుకుంటానే ఉంటది, అదురుతానే ఉంటది, తర్వాత అలిసిపోయి అసలు కదలదు. చెయ్యి ఎత్తుదామనుకున్నా ఎత్తలేరు అన్నారు.

మీ నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు. తర్వాత అడిగేరు, "నీళ్ళలో పడినోడు చేతులు ఆడించకపోవడం ఇదేనాండి?"

ఆవిడ అవునన్నట్టూ కాదన్నట్టూ చూసేరు. చూడకుండా చెప్పలేనండి, కానీ అవ్వొచ్చు అన్నారు.

ఇంట్లో అందరూ రక్తం ఇవ్వాలట. మీ నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచేసేరు. నేను ఇవ్వనన్నాను. నాకు రక్తం తక్కువండి, కళ్ళు తిరుగుతాయండి అన్నాను. ఆవిడ బలవంతం చెయ్యలేదు. ఇప్పుడు కాకపోతే తర్వాతైనా రండి, ఎర్రకణాల్లో ఆ గుడ్డ ఒకసారి పాడైతే మూడు నెలల దాకా తెలుస్తానే ఉంటది అన్నారు.

మూడు నెలలు.

మార్చి 25

ఏప్రిల్, మే, జూన్. జూన్ ఇరవై నాలుగు.

మార్చి 26

ఇవాళ పప్పు వండేను. చేప తినబుద్ధి కాలేదు. అంతే. ఇంకే కారణమూ లేదు.

మార్చి 28

కాగితాలు వచ్చేయి. తులసి రక్తంలో ఆ తుడిచే గుడ్డ చాలా తక్కువ ఉందట. కడుపుతో ఉన్నవాళ్ళకి కొంచెం తగ్గుద్దట, కానీ ఇంత తగ్గదట. మీ నాన్నది శుభ్రంగా ఉంది.

డాక్టరమ్మగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తా ఉన్నారు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పంపు నీళ్ళు తాగుతారు, సత్తియ్యగారు గోదారి మీద రోజంతా ఉంటారు, ఆయనకేం లేదు. మరి ఈ అమ్మాయి తినేది, ఆయన తిననిది ఏవుందండి ఇంట్లో అన్నారు.

మీ నాన్నకి అబద్ధం తెలీదు కదా. "ఉప్పు చేపండి. నాకు బీపీ అని మానిపించేరు. మా అబ్బాయికి మాత్రం అది లేకపోతే ముద్ద దిగేది కాదండి" అన్నారు.

ఆవిడ నా వైపు తిరిగేరు. మీ నాన్నా తిరిగేరు. మంచం మీద నుంచి ఆ పిల్ల కూడా.

"ఇంటి చేపకి మేం మందు వెయ్యమండి" అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది.

తులసిని మన ఇంట్లో తిననివ్వొద్దని చెప్పి పంపించేరు. రాహేలు తనింటికి తీసుకెళ్ళింది. నా కోడలు నా పక్కింట్లో తింటంది. పేటంతా చూసేరు. అందరూ నన్నే తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ.

మార్చి 29

ఇంటి చేపకి నేను మందు వెయ్యను.

మార్చి 30

ఇంటి చేపకి మందు వెయ్యను అని నిన్న రాసేను. చూస్తే అంతకు ముందు కూడా రాసి ఉంది. ఎవరికి చెప్తన్నాను? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు కదా.

ఏప్రిల్ 2

బుల్లోడా, రాస్తాను. రాయకపోతే ఇది కూడా ఎస్సైగారి కాగితంలాగే అయిపోద్ది, ఉన్నది సగం, లేనిది సగం.

తుపాను వానలు. గుర్తుందా, ఎనిమిది రోజులు ఎండ లేదు. గట్టు మీది చేపంతా కుళ్ళిపోయింది. అమ్మకం చేప పోతే పోయింది. ఇంటి కుండ విప్పితే పురుగులు పాకుతున్నాయి. నెత్తళ్ళు, మంచివి, నువ్వే ఏరి తెచ్చినవి. పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పెళ్ళయిన మొదటేడు, నువ్వూ నీ పెళ్ళామూ నవ్వుకుంటా తినే రోజులు. డ్రమ్ములో ముంచేను. ఒక్కసారే అనుకున్నాను. పురుగంతా చచ్చి తేలింది, చేప తెల్లగా వచ్చింది. కడిగేను, ఎండేసేను, మళ్ళీ కుండలో పెట్టి ఎర్రగుడ్డ కట్టేను.

ఒక్కసారి కాదు. తర్వాత వారం కూడా వేసేను. ముసురు పట్టిందని. తర్వాత ముసురు లేకపోయినా వేసేను. నువ్వు తినేదానికి పురుగు పట్టకూడదని అమ్మకం చేపకి మూత వేస్తే దీనికి రెండు మూతలు వేసేను. కొడుక్కి కాబట్టి రెండు. గుడ్డ మాత్రం విప్పలేదు. గుడ్డ ఉంటే ఇంటి చేపే కదా అనుకున్నాను. మా అత్తగారి గుడ్డ కదా.

నువ్వు వల ముడి వెయ్యలేకపోయేవు ఒక రోజు. వేలు వణుకుతోంది. పెళ్ళయ్యేక చేతులు మెత్తబడ్డాయి రా నీకు అని నేను అందరి ముందూ ఎగతాళి చేసేను. నువ్వూ నవ్వేవు. మీ నాన్న ముడి వేసేరు.

ఆ రోజు పొద్దున్న తగువు దేని గురించో నాకు తెలుసు. గోడ ఇవతలే ఉన్నాను నేను. ఇది తిన్న రోజే మీ చేతులు వణుకుతున్నాయండి, నేను లెక్క చూసేను, తినొద్దండి అంది. మా అమ్మ చేతిది, దానికి పేరు పెట్టకు అన్నావు నువ్వు. అప్పుడు విసిరింది క్యారేజీ.

ఆ తర్వాతది ఎస్సైగారికి చెప్పలేదు. డాక్టరమ్మగారికి చెప్పలేదు. మీ నాన్న అప్పటికే నావ దగ్గరికి వెళ్ళిపోయేరు, ఆయనకీ తెలీదు.

నేను బయటికొచ్చేను. దాని మీద నాలుగు కేకలేసేను. లోపలికెళ్ళి స్టీలు గిన్నెలో మళ్ళీ అన్నం పెట్టి, కుండ విప్పి, వేపుడు కాకపోతే పోనీ అని నిప్పుల మీద కాల్చి పెట్టేను. ఎక్కువే పెట్టేను. కావాలనే ఎక్కువ పెట్టేను, అది చూడాలని. నువ్వు దాని వైపు చూసి, నా వైపు చూసి, "పెట్టమ్మా" అన్నావు. ఇద్దరికీ మధ్య ఉన్నోడు అలాగే నవ్వుతాడు. అలా నవ్వేవు.

నావ మీద తిన్నాడే, గిన్నె నాకేసేడు అని మీ నాన్న అన్నారు. మంచి మాట చెప్తన్నాననుకున్నారు.

ఏప్రిల్ 3

మీ నాన్నకి చెప్పేను. లేచి కుండ దగ్గరికెళ్ళి మూత తీసి వాసన చూసేరు. ఏడాదిన్నర తర్వాత ఉప్పు చేప దగ్గరికి వెళ్ళడం అదే. తర్వాత చొక్కా వేసుకుని, పద అన్నారు.

డాక్టరమ్మగారు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎన్ని మూతలు, ఎన్నాళ్ళు, ఏ మందు అని వరసగా రాసుకున్నారు. కుండలో చేప కొంచెం సీసాలో పెట్టించేరు. నా రక్తం తీసేరు. కళ్ళు తిరగలేదు.

అక్కణ్ణించి స్టేషను. ఎస్సైగారు తిట్టేరు. ఆ పిల్లని మూడుసార్లు పిలిపించి కూర్చోబెట్టేను, కడుపుతో ఉన్నదాన్ని, మీ మాట మీద అన్నారు. మొదటి రోజే చెప్పుంటే అన్నారు. ఆయ్ అన్నాను. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి, ఆ పిల్ల పేరు మాత్రం కొట్టెయ్యండి అన్నాను. అది మీరు చెప్తే కొట్టేసేది కాదు, ఈ రెండు పరీక్షలూ వస్తే పై ఆఫీసుకి రాస్తాను అన్నారు. సరే. రక్తం చెప్తాది. నా నోటి కంటే అదే నయం.

ఏప్రిల్ 8

అందరిలోకీ నా రక్తంలోనే ఆ గుడ్డ తక్కువట. తులసి దాని కంటే కూడా.

పదిహేనేళ్ళు మోచేతుల దాకా ఆ డ్రమ్ములో పెట్టేను కదా. చేతులు చాపమని, వేళ్ళ మీద కాగితం పెట్టేరు. కాగితం కొట్టుకుంది, గాలి లేదు. మీకు ఎన్నాళ్ళ నుంచి ఇలాగ అనడిగేరు. తెలీదండి అన్నాను. ఇంటికొచ్చి ఈ పుస్తకంలో నేను రాసిన మొదటి పేజీ తీసేను. అక్షరాలు ఏడుపు వల్ల వంకరపోతన్నాయని రాసి ఉంది.

నాకేమైందని నీ పెళ్ళాం ముందు కూర్చుని తిన్నాను కదా. ఇదీ అయింది.

చేప కాగితం కూడా వచ్చింది. దానిలో ఉంది. ఎర్రగుడ్డ కట్టిన దాంట్లో.

ఏప్రిల్ 10

గట్టు మీద ఆడాళ్ళందరికీ చెప్పేను. మందు మానండి, ఇంటి చేపకే కాదు, అమ్మకం చేపకీ మానండి, తినేది ఎవరో ఒకరి పిల్లలే అన్నాను. మీద పడ్డారు. నీ కొడుకుని నువ్వు చంపుకుని మా పొట్ట మీద కొడతావా అంది ఒకావిడ. పేరు రాయను, నీకు పాలిచ్చిన మనిషే. ఇంకోటి ఉమ్మేసింది. పొద్దున్న రాహేలు తెర ఒకటి తెచ్చి మన ఇసక మీద వేసి వెళ్ళింది.

డ్రమ్ములో నీళ్ళు కాలవలో పొయ్యొద్దన్నారు డాక్టరమ్మగారు, అవే చేపల గొంతులోకీ మనుషుల గొంతులోకీ పోతాయట. మూత బిగించి పెట్టేను, వచ్చి పట్టుకెళ్తారట.

మీ నాన్న నాతో మాట్లాడ్డం లేదు. పడవ అద్దెకిచ్చేసి ఇంట్లోనే ఉంటన్నారు. నేను అన్నం పెడితే తింటారు. నా చేతి మీద భయం లేదో, ఉన్నా తింటన్నారో తెలీదు. అడిగే ధైర్యం నాకు లేదు.

ఏప్రిల్ 12

బుల్లోడా, రాహేలు ఇంటికెళ్ళి గుమ్మం అవతల నిలబడి పిలిచేను. తులసి వచ్చింది. కడుపు కనిపిస్తోంది ఇప్పుడు. కన్నురెప్ప అదరట్లేదు. నేను కాళ్ళ మీద పడతాననుకుందేమో రెండడుగులు వెనక్కి వేసింది. పడలేదు నేను. పడితే అది లేపాలి, ఆ పని కూడా దానికే.

అంతా నీకు ముందే తెలిస్తే ఎస్సైగారికెందుకు చెప్పలేదే అనడిగేను. అదొక్కటే అడిగేను.

"చెప్తే ఏమనేవారండి? మొగుణ్ణి చంపి అత్త మీద తోస్తోందనేవారు. మీరే మొదట అనేవారు."

అనేదాన్ని.

రేపు వస్తానంది. నా కోసం కాదట, మామయ్యగారు ఒక్కరే ఉన్నారని వస్తాదట, కాన్పయ్యేదాకా ఉంటాదట. సరే అన్నాను. ఇంత మాటలు పడ్డాక కూడా రావడానికి అదెంత మొండిదో చూడు. నీకు సరైన పెళ్ళామే.

ఇంక నీకు రాయను. పేజీలు ఇంకా ఉన్నాయి. ఇవి వేరేవాళ్ళకి.

తులసీ,

ఈ పుస్తకం బియ్యం డబ్బాలో పైనే పెట్టేను, అడుక్కి తొయ్యలేదు. రేపు బియ్యానికి మూత తీస్తే నీకే దొరుకుద్ది. మొదటి నుంచీ చదువు. నిన్ను అన్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ కొట్టెయ్యలేదు. స్టేషన్లో అవసరమైతే ఇది కూడా ఇచ్చెయ్యి.

క్షమించమని అడగను. నువ్వంటే నాకు ప్రేమ పొంగుకొచ్చిందని కూడా రాయను, ఇప్పటికే చాలా అబద్ధాలాడేను. నీ గొంతు వింటే ఇప్పటికీ నాకు చిరాకే. వాడు చివరిసారి నీ మాట వినుంటే బాగుండేదని మాత్రం రోజూ అనుకుంటాను. వాణ్ణి విననివ్వంది నేను.

కుండ పగలగొట్టేను. గుడ్డ కాల్చేను. గిన్నెలన్నీ మీ మామయ్యగారు చింతపండు, బూడిద వేసి తోమేరు, నన్ను ముట్టుకోనివ్వలేదు. పొయ్యి నీది, డబ్బా నీది. నేను వంటింట్లోకి రాను, నువ్వు పెడితే తింటాను, పెట్టకపోతే అడగను. పరీక్షకి రెండు వారాలకోసారి వెళ్ళాలి ఇద్దరమూ, అది మానకు, నేను మానితే నన్నూ లాక్కెళ్ళు. బిడ్డకి ఏమవుద్దో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరమ్మగారు. అది నాకూ చెప్పేరు, నీకూ చెప్పేరు.

రాహేలు ఇచ్చిన కోడిగుడ్లు గూట్లో ఉన్నాయి, ఆనపకాయ ఉంది, పాలు మీ మామయ్యగారు తెస్తారు. నాకు ఎదురుగా కూర్చోవద్దు, నీకు ఎక్కడ బాగుంటే అక్కడ కూర్చో.

వేడిగా వండుకుని కడుపునిండా తిను.